సగం దారి

జడ్జి గారి ఉత్తర్వులో మా పెట్రోలు బంకు ఉంది.
పదకొండో పేజీ, ఏడో పేరా.
కోరీన్ ఒకసారి కౌంటరు మీద పరిచి చూపించింది:
"రెండు వారాలకొక శుక్రవారం, సాయంత్రం ఆరింటికి,
డేవిడ్‌సన్‌లో, హైవే పక్కన,
పసుపుపచ్చ బోర్డున్న బంకు వద్ద
బిడ్డను అప్పగించవలెను."
అప్పగించవలెను.
మేం పార్సిళ్లకు వాడే మాట.

ఇరవై రెండేళ్లుగా ఇక్కడ కాఫీ కాస్తున్నాను.
అటు సాస్కటూన్, ఇటు రెజైనా,
నడుమ గోధుమ చేలు, ధాన్యం గాదెలు, గాలి.
ఈ ఊరికి ఎవరూ రారు.
దారిలో ఆగుతారు.

ఆమె కారు ఐదూ యాభైకి, ఒకటో పంపు దగ్గర.
డారెల్ ట్రక్కు ఆరూ ఐదుకి, నాలుగో పంపు దగ్గర.
ఆ ఐదు నిమిషాలూ ఆమె ఎక్కడో రాసిపెడుతుంది,
ఒకసారి నా దగ్గరే పెన్ను అరువడిగింది.
ఇద్దరి మధ్యా రెండు పంపులు, ఒక చెత్తడబ్బా,
ఊదారంగు సంచీ మోసుకుంటూ నడిచే టెస్లిన్.
ఏడేళ్లు.
ఇటు నుంచి అటు పద్దెనిమిది అడుగులు.
చలికాలం ఇరవై మూడు,
మంచు మీద జారకుండా చిన్న చిన్నగా వేస్తుంది.

సంచీ జిప్పు సరిగా పట్టదు.
నా ముందే రెండుసార్లు బోర్లా పడింది:
ఇన్‌హేలరు, ఒంటి మేజోడు, అట్ట చిరిగిన లెక్కల పుస్తకం,
ఒంటికన్ను కుందేలు.
కుందేలుకు వెళ్లేటప్పుడు ఒక సబ్బు వాసన,
వచ్చేటప్పుడు ఇంకో ఇంటిది.
ఆదివారం తల్లి మొదట బిడ్డ జుట్టు వాసన చూస్తుంది.
ఏమీ అనదు.
కారు అద్దం దించుతుంది.

నవంబరులో ఒక శుక్రవారం, మైనస్ ఇరవై ఆరు.
పంపుల దగ్గర నిలబడనివ్వని గాలి.
ఇద్దరూ లోపలికి వచ్చారు.
ఒకే కప్పు కింద ఆ ఇద్దర్నీ చూడటం నాకదే మొదలు.
పాల సీసాల ఫ్రిజ్ ముందు
టెస్లిన్ పన్ను ఊడింది.
అరచేతిలో కాస్త నెత్తురుతో, గోధుమగింజంత.

"ఇంటికి తీసుకెళ్లి దిండు కింద పెడదాం," అన్నాడు డారెల్.
"నాలుగు రోజులుగా కదిలింది నా ఇంట్లో," అంది కోరీన్.
"ఊడింది ఆరు దాటాక."
ఆమె గోడ గడియారం వంక చూసింది.
అది మూడు నిమిషాలు ముందు నడుస్తుంది.
నేను చెప్పలేదు.

ముప్పై ఒక్క పేజీల ఉత్తర్వు.
క్రిస్మస్ ముందురోజు ఎవరిది, క్రిస్మస్ ఎవరిది,
పాస్‌పోర్టు ఎవరి బీరువాలో, టీకాకు ఎవరి సంతకం,
ఫోనులో ఎన్ని నిమిషాలు,
అన్నీ ఉన్నాయి.
పన్ను లేదు.
మూడున్నరేళ్లలో ఏ లాయరుకూ తట్టలేదు.

టెస్లిన్ ఎవరి వంకా చూడలేదు.
మునివేళ్ల మీద లేచి దాన్ని కౌంటరు మీద పెట్టింది.
"ఓరెస్ట్, నువ్వుంచు.
నువ్వు ఎటూ పోవు కదా."

నిజమే, ఎటూ పోను.
పోవలసిన చోటికీ పోలేదు ఒకప్పుడు.
విన్నిపెగ్ కోర్టులో నా పేరు మూడుసార్లు పిలిచారట.
నా కూతురికప్పుడు నాలుగేళ్లు.

ఒక సెంటు నాణేలు రద్దయినప్పటి నుంచి
క్యాషు పెట్టెలో ఒక గడి ఖాళీ.
అందులో వేశాను.
రెండు డాలర్ల బిళ్ల తీసి పిల్ల చేతిలో పెట్టాను.
దానికి రసీదు లేదు.
పన్ను మాత్రం ఉంది.

మార్చిలో కొత్త ఉత్తర్వు వచ్చిందట.
కోరీన్‌కు హాలిఫాక్స్‌లో ఉద్యోగం.
వేసవిలో మూడు వారాలు, విమానాశ్రయంలో అప్పగింత.
డారెల్ చెప్పాడు, ఒకటో పంపు దగ్గర ఆగి.
ఆ రోజూ శుక్రవారమే.
ఆరున్నర దాకా ట్రక్కులోనే ఉన్నాడు,
ఇంజను ఆపకుండా.

రాత్రి పదకొండింటికి చిల్లర లెక్కపెడతాను,
ఐదులు, పదులు, పాతికలు.
"ఇదేంటి?" అన్నాడు కొత్త మేనేజరు, ఆ గడిలోకి వంగి.
"దాచమన్నారు."
"ఎప్పటిదాకా?"
అది ఆ పిల్ల చెప్పలేదు.